పెరటి నీడకు ఒకే జాతి చాలదు

మన కుటుంబాల పిల్లలు ఎందరో నేడు అమెరికాలో ఇళ్ళు కొనుక్కొని స్థిరపడుతున్నారు. అక్కడి ఇళ్ళ ముంగిళ్ళలో నీడనిచ్చే వృక్షాలలో ‘యాష్’ ఒకటి. అది త్వరగా ఎదుగుతుంది, చలిని తట్టుకుంటుంది. వేసవిలో చల్లని నీడనిచ్చి, శీతకాలంలో ఆకులు రాల్చి ఎండను లోనికి రానిస్తుంది. గత శతాబ్దంలో ఎల్మ్ చెట్లు తెగులుతో నశించినపుడు, అనేక నగరాలలో వాటి స్థానంలో యాష్ చెట్లనే వరుసగా నాటారు. ఒక జాతిపై పెట్టుకున్న ఆశను మరొక జాతిపైకి మార్చారు, అంతే!

2002లో డెట్రాయిట్ సమీపాన, ఆసియా నుండి వచ్చిన ఒక ఆకుపచ్చని పెంకుపురుగు బయటపడింది. దాని పిల్లపురుగులు బెరడు క్రింద తొలుస్తూ, చెట్టుకు నీరూ ఆహారమూ అందే మార్గాలను తెంచివేస్తాయి. కోట్లాది యాష్ చెట్లు ఎండిపోయాయి.

ముంగిట యాష్ ఉన్నవారికి మేము చెప్పదలచినది ఇది. పైకొమ్మలు ఎండుతున్నాయా, బెరడుపై అర్ధచంద్రాకారపు చిన్న రంధ్రాలు ఉన్నాయా అని ఏటా పరిశీలించండి. తొలిదశలోనే నిపుణులచేత కాండంలోనికి మందు ఎక్కిస్తే చెట్టు బ్రతకవచ్చు. ఎండిన చెట్టు పెళుసెక్కి, పిల్లలు ఆడుకునే చోట విరిగిపడగలదు. దానిని తీయించడంలో జాప్యం తగదు. ఆ కట్టెలను వేరొక ఊరికి తరలించరాదు; పురుగు కూడా వెంట పోతుంది.

క్రొత్తగా నాటేవారు ఓక్, మేపుల్, లిండెన్ వంటి భిన్న జాతులను ఎంచుకోవాలి. ఇరుగుపొరుగు వారు ఏది నాటారో చూసి, మరొకటి నాటడం మేలు. నీడ రాబోయే తరానికి మనం అప్పగించవలసిన అమానతు.