నొప్పి కాలిలో... మూలం నడుములో

శ్రీకాకుళం: నాట్లకు వంగిన నడుం, ధాన్యం బస్తా మోసిన భుజం, కొబ్బరి చెట్టెక్కిన కాలు... కష్టజీవికి నొప్పులు కొత్త కావు. చాలావరకు నాలుగు రోజుల్లో అవే సర్దుకుంటాయి. కాని ఒక్కోసారి వంగి బరువెత్తగానే నడుం కలుక్కుమంటుంది. అప్పుడే గాని, కొద్ది రోజులకు గాని పిర్ర నుంచి తొడ వెనకగా, పిక్క మీదుగా పాదం దాకా తీగ లాగినట్లు నొప్పి దిగుతుంది. దగ్గినా, తుమ్మినా ప్రాణం విలవిల్లాడుతుంది. కాలు తిమ్మిరెక్కుతుంది. పల్లెల్లో దీన్ని వాతం అంటారు. ఆయుర్వేదంలో గృధ్రసి అని పేరు. డాక్టర్లు సయాటికా అంటారు.

ఈ నొప్పికి భయపడి అప్పు చేసి ఆపరేషనుకు పరుగెత్తేవారు కొందరు. పసర్లు, వాతలతో కాలయాపన చేసి కాలు పోగొట్టుకునేవారు మరికొందరు. రెండూ నష్టమే.

జరిగేదేమిటి?

నడుం భాగంలో వెన్నుపూసలు ఐదు. పూసకూ పూసకూ మధ్య మెత్తలాంటి డిస్కు ఉంటుంది. దాని చుట్టూ గట్టి నారపొరలు, లోపల జిగురు గుజ్జు. వయసుతో ఆ పొరలు నెర్రెలిస్తాయి. బరువుతో వంగి మెలి తిరిగినప్పుడు గుజ్జు ఆ నెర్రె గుండా బయటికి ఉబికి, పక్కనుంచి కాలికి దిగే నరాన్ని ఒత్తుతుంది. నరం వాస్తుంది. దెబ్బ నడుములో, బాధ కాలిలో! ఈ సంగతిని 1934లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు మిక్స్టర్, బార్ లోకానికి స్పష్టం చేశారు.

'డిస్కు జారింది' అంటారు గాని, డిస్కు చోటు తప్పి జారిపోదు. కాబట్టి దాన్ని తొక్కి లోపలికి నెట్టడమన్నది ఉండదు. ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత నడుం తొక్కించుకుంటే పట్టు పోతుందన్న నమ్మకం పల్లెల్లో ఉంది. మామూలు పట్టు అయితే ఎలాగూ అదే తగ్గుతుంది. నరం ఒత్తుకుపోయి ఉన్నప్పుడు తొక్కిస్తే ముప్పు పెరుగుతుంది. వాతలు పెట్టించుకుంటే పుండు తప్ప ఫలితం లేదు.

గుర్తించడం ఎలా?

దీనికి మొదట కావలసింది యంత్రం కాదు, డాక్టరు చెయ్యి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకి లేపుతారు. కొంత ఎత్తుకే కాలి వెంట నొప్పి లాగితే నరం ఒత్తిడిని అనుమానిస్తారు. మడమల మీద, మునివేళ్ల మీద నడిపిస్తారు. బొటనవేలి బలం, పాదం స్పర్శ చూస్తారు. చిన్న సుత్తితో మోకాలు, మడమ వెనక తడతారు. వీటితోనే ఏ నరం దెబ్బతిందో చాలావరకు తెలుస్తుంది.

ఎక్స్‌రేలో ఎముకలే కనబడతాయి, డిస్కు కనబడదు. ఎం.ఆర్.ఐ. స్కానింగులో కనబడుతుంది. అయితే 1994లో అమెరికాలో నడుం నొప్పే లేని 98 మందికి ఈ స్కానింగు తీస్తే సగానికి పైగా జనంలో డిస్కు ఉబ్బు కనిపించింది! అందుచేత స్కానింగు కాగితాన్ని చూసి బెంబేలు పడనక్కరలేదు. ప్రమాద లక్షణాలున్నా, వారాలు గడిచినా నొప్పి తగ్గకున్నా అది అవసరం.

కాలినొప్పులన్నీ డిస్కువే కావు. నాలుగడుగులు వేయగానే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గుతుంటే రక్తనాళం సన్నబడి ఉండవచ్చు. చుట్ట, బీడీ కాల్చేవారిలో ఇది ఎక్కువ. రెండు అరికాళ్లూ మండుతుంటే మధుమేహ పరీక్ష చేయించుకోవాలి.

మంచం పట్టవద్దు

చాలామందికి ఈ నొప్పి ఆపరేషను లేకుండానే ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గుతుంది. ఉబికిన గుజ్జును శరీరమే క్రమంగా కరిగించుకుంటుంది. మంచం మీదే ఉండాలన్న పాత మాట ఇప్పుడు నిలవడం లేదు. 1999లో నెదర్లాండ్స్‌లో 183 మంది రోగులలో కొందరిని రెండు వారాలు మంచం మీద ఉంచారు, మిగిలినవారిని తిరగనిచ్చారు. పన్నెండు వారాలకు రెండు వర్గాల్లోనూ నూటికి 87 మంది కోలుకున్నారు. నొప్పి భరించలేని ఒకటి రెండు రోజులు పడుకున్నా, ఆపైన ఓపిక మేరకు నడవాలి. బరువులు, వంగి చేసే పనులు కొన్నాళ్లు మానాలి. నొప్పి తగ్గుముఖం పట్టాక నేర్పినవారి దగ్గర వ్యాయామం నేర్చుకోవాలి.

వావిలాకు కాపడం హాయినిస్తుంది, తప్పు లేదు. కాని స్పర్శ తగ్గిన కాలికి వేడి తెలియక చర్మం కాలిపోతుంది, జాగ్రత్త.

నొప్పి మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వంటివి కడుపులో పుండుకు, మూత్రపిండాల చెరుపుకు దారితీయవచ్చు. కిడ్నీ జబ్బులు అధికంగా ఉన్న ఉద్దానం వాసులు ఈ మాత్రలను దుకాణంలో అడిగి కొనుక్కోవడం ప్రమాదం. పేరు లేని పొట్లాల్లో స్టెరాయిడ్లు కలిసి ఉండవచ్చు.

ఆపరేషను ఎప్పుడు?

ఆరు వారాలు దాటినా నొప్పి తీవ్రంగానే ఉంటే ఆపరేషను గురించి ఆలోచించవచ్చు. 2007లో నెదర్లాండ్స్‌లోనే 283 మందిపై జరిగిన పరిశీలనలో వెంటనే ఆపరేషను చేయించుకున్నవారికి ఉపశమనం త్వరగా దొరికింది. ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు వర్గాల్లోనూ నూటికి 95 మంది కోలుకున్నారు. అయితే ఆగినవారిలో నూటికి 39 మందికి ఆ ఏడాదిలోనే ఆపరేషను అవసరమైంది. తొందరా వద్దు, మొండితనమూ వద్దు.

ఆగకూడని వేళ

మూత్రం బిగిసినా, తెలియకుండా పోతున్నా, మలం పట్టు తప్పినా, మర్మాంగాల చుట్టూ మొద్దుబారినా, రెండు కాళ్లూ బలహీనపడినా తెల్లవారేదాకా ఆగకూడదు. 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి చేరాలి. అక్కడ గంటలే లెక్క. ఆలస్యమైతే మూత్రం పట్టు మళ్లీ రాకపోవచ్చు. పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా అదే రోజు చూపించుకోవాలి. విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రిలో నరాల శస్త్రచికిత్స విభాగం ఉంది.

చెట్టు మీద నుంచి పడ్డాక వచ్చిన నొప్పినీ, జ్వరంతోనో బరువు తగ్గుతూనో వచ్చే నొప్పినీ వాతమని వదిలేయరాదు. వెన్నుకు క్షయ సోకినా ఇలాగే ఉంటుంది. దానికి మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం.

కోలుకున్నాక బస్తా ఎత్తేటప్పుడు నడుం వంచక మోకాళ్లు వంచాలి. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. ఎత్తిన బరువుతో నడుం తిప్పక, అడుగులు వేసి తిరగాలి. వీటికి పైసా ఖర్చు లేదు.