శక్తి రూపాంతరం

భౌతిక శాస్త్రంలో పని చేయగల సామర్థ్యాన్ని శక్తి అంటారు. శక్తి ఒక రూపం నుండి మరొక రూపానికి మారడాన్ని శక్తి రూపాంతరం అంటారు. శక్తికి ప్రమాణం జౌలు. సుమారు 100 గ్రాముల బరువున్న జామకాయను ఒక మీటరు ఎత్తుకు లేపడానికి దాదాపు ఒక జౌలు శక్తి కావాలి.

శక్తి రూపాలు

* స్థితిజ శక్తి: వస్తువుకు దాని స్థానం లేదా స్థితి వల్ల కలిగే శక్తి. ఉదా: జలాశయంలోని నీరు, సాగదీసిన రబ్బరు.
* గతిజ శక్తి: చలనం వల్ల కలిగే శక్తి. ఉదా: వీచే గాలి, పారే నీరు.
* రసాయన శక్తి: ఆహారం, బొగ్గు, బ్యాటరీలలో నిల్వ ఉండే శక్తి.
* కేంద్రక శక్తి: పరమాణు కేంద్రకంలో ఉండే శక్తి.
* ఉష్ణం, కాంతి, ధ్వని, విద్యుత్తు కూడా శక్తి రూపాలే.

ఉదాహరణ: నాగార్జునసాగర్

కృష్ణానదిపై నిర్మించిన నాగార్జునసాగర్ జలవిద్యుత్కేంద్రంలో అనేక రూపాంతరాలు వరుసగా జరుగుతాయి. జలాశయంలో ఎత్తున నిలిచిన నీటికి స్థితిజ శక్తి ఉంటుంది. ఆ నీరు పెద్ద గొట్టాల గుండా కిందికి దూకినప్పుడు అది గతిజ శక్తిగా మారి టర్బైనును తిప్పుతుంది. టర్బైనుకు బిగించిన జనరేటరు ఈ యాంత్రిక శక్తిని విద్యుచ్ఛక్తిగా మారుస్తుంది. ఇళ్ళలో అది పంకాను తిప్పుతుంది, దీపాన్ని వెలిగిస్తుంది.

ఒక వస్తువు స్థితిజ శక్తిని ఇలా లెక్కిస్తారు: ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు. 1,000 లీటర్ల నీరు 100 మీటర్ల ఎత్తు నుండి పడితే 1,000 × 9.8 × 100 = 9,80,000 జౌళ్ళ శక్తి లభిస్తుంది. ఒక యూనిట్ విద్యుత్తు అనగా 36,00,000 జౌళ్ళు. అంటే, నష్టాలేమీ లేకపోయినా, ఆ ఎత్తు నుండి ఒక్క యూనిట్ పొందడానికి దాదాపు 3,700 లీటర్ల నీరు కావాలి.

ఈ నీటిని ఎత్తుకు చేర్చినది సూర్యుడే. ఎండకు సముద్రపు నీరు ఆవిరై, మేఘాలుగా మారి, పడమటి కనుమలలో వర్షించి నదిలో చేరుతుంది. సూర్యుని శక్తికి మూలం అక్కడ హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియంగా మారే చర్య.

శక్తి నిత్యత్వ నియమం

శక్తిని సృష్టించలేము, నశింపజేయలేము. ఒక రూపం నుండి మరొక రూపానికి మార్చగలము. 1840 దశకంలో ఆంగ్ల శాస్త్రవేత్త జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ కిందికి దిగే బరువులతో నీటిలోని తెడ్లను తిప్పి, చిలికిన నీరు వేడెక్కుతుందని చూపాడు. పోయిందనుకున్న యాంత్రిక శక్తి ఉష్ణంగా మారిందని దీనివల్ల తెలిసింది. ఆయన పేరే శక్తి ప్రమాణానికి పెట్టారు.

శక్తి నశించనప్పుడు పొదుపు ఎందుకు?

నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్కేంద్రంలోని ఎనిమిది యూనిట్లలో ఏడింటిని వెనుకకు తిరిగేలా నిర్మించారు. ఇలాంటి యూనిట్లు విద్యుత్తు మిగులు ఉన్న వేళ దిగువ నీటిని తిరిగి పైకి తోడి, అవసరమైన వేళ మళ్ళీ విద్యుత్తునిస్తాయి. అయితే ఈ పద్ధతిలో సాధారణంగా 100 యూనిట్లు ఖర్చు చేస్తే 70 నుండి 80 యూనిట్లే తిరిగి వస్తాయి. మిగిలినది నశించలేదు, ఘర్షణ వల్ల, తీగల వేడి వల్ల ఉష్ణంగా మారి పరిసరాలలో కలిసిపోయింది. అలా చెదిరిన ఉష్ణాన్ని పోగుచేసి మళ్ళీ పూర్తిగా పనిగా మార్చడం సాధ్యం కాదు.

ప్రతి రూపాంతరంలోనూ కొంత శక్తి ఇలా ఉష్ణమవుతుంది. పాత ఫిలమెంటు బల్బు తీసుకున్న విద్యుత్తులో అధికభాగం వేడిగానే పోతుంది. ఎల్‌ఇడి దీపం అంతే వెలుగును చాలా తక్కువ విద్యుత్తుతో ఇస్తుంది. కాబట్టి శక్తి పొదుపు అనగా శక్తి నశించకుండా చూడటం కాదు, పనికివచ్చే రూపంలో ఉన్న శక్తిని వృథాగా ఉష్ణంగా మారనీయకపోవడం.