వాటా దేవత ఎలా అయింది?

విధిని తప్పించుకోలేమన్న భావం మన దేశానికే ప్రత్యేకం కాదు. ప్రాచీన గ్రీకులు విధిని ముగ్గురు స్త్రీలుగా ఊహించుకున్నారు. క్లోతో మనిషి ఆయుష్షును దారంగా వడుకుతుంది. లాకెసిస్ ఎవరి వంతు వారికి పంచుతుంది. అత్రోపొస్ అంటే మరలించరానిది. ముగ్గురినీ కలిపి మోయిరాలన్నారు.

అయితే 'మోయిరా' అన్న మాటకు మొదటి అర్థం విధి కాదు, వాటా. మాంసంలో, కొల్లసొమ్ములో, భూమిలో ఒకరికి దక్కే పాలు. తెగలోని వారంతా సమంగా పంచుకున్న కాలపు ఆచారమే ఈ దేవతలకు మూలమని మార్క్సిస్టు పండితుడు జార్జ్ థామ్సన్ 1941లో వాదించాడు. ఆ వాదం నాకు కొత్తగా తోచలేదు. మన 'భాగ్యం' కూడా 'భాగం' నుంచి వచ్చిందే కదా! బడి మానిన పిల్లల ఇళ్లకు వెళ్తే, "మాకా భాగ్యం లేదు మాస్టారూ" అంటారు. భాగం దక్కలేదని వాళ్లకు తెలియకుండానే చెబుతున్నారన్నమాట.

'ఇలియడ్'లో జియస్ తన కొడుకు సర్పెడాన్‌ను చావు నుంచి తప్పించాలనుకుంటాడు. హేరా అభ్యంతరం చెబితే ఊరుకుంటాడు. అంటే దేవతల రాజు కూడా పంపకానికి లోబడవలసిందే. హెసియడ్ మోయిరాలను ఒకచోట రాత్రి కూతుళ్లన్నాడు, మరోచోట జియస్ కూతుళ్లన్నాడు. రాజుకు పైనున్న ఆచారం రాజు ఇంటిదైపోయిన క్రమం ఇందులో నాకు కనిపిస్తుంది.

తర్వాత అనాంకె. ఈ మాటకు నిర్బంధమని అర్థం. ట్రాయ్ పడిపోతే నువ్వు పరాయివారి మగ్గం నేయాలి, నీళ్లు మోయాలి అని హెక్టర్ భార్యతో చెప్పేటప్పుడు వాడిన మాట ఇదే. ఇది బానిస అనుభవం. కొరింత్‌లో అనాంకెకూ, బలప్రయోగ దేవత బియాకూ కలిపి ఒకే గుడి ఉండేది. లోపలికి వెళ్లే ఆచారం లేదు. ప్లేటో విశ్వమనే కదురును అనాంకె ఒడిలో పెట్టి, మోయిరాలను ఆమె కూతుళ్లను చేశాడు. వాటా నిర్బంధానికి బిడ్డ అయింది!

ఈ దేవతను సామాన్యులు నమ్మి ఊరుకున్నారా? హెరొడోటస్ చెప్పిన కథ చూడండి. క్రీ.పూ. 480లో సలామిస్ యుద్ధం తర్వాత ఏథెన్స్ సేనాని తెమిస్టోక్లిస్ ఆండ్రోస్ ద్వీపవాసులను సొమ్ము అడిగాడు. మా వెంట ఇద్దరు గొప్ప దేవతలున్నారు, ఒప్పించడం, నిర్బంధం అన్నాడు. మా ద్వీపాన్ని వదలని దేవతలూ ఇద్దరున్నారు, పేదరికం, నిస్సహాయత అని వాళ్లు బదులిచ్చి, సొమ్మివ్వలేదు. ముట్టడి వేసినా ద్వీపం లొంగలేదు.

ఆ జవాబులో విధి ముసుగు తొలగిపోయింది. 'అనాంకె' అని పిలిచినా, అది తమ ముంగిట నిలిచిన నౌకాబలమేనని ఆ పేదవాళ్లు గుర్తుపట్టారు.