నురుగుతో కవచము

పాఠశాల వార్షికోత్సవ నాటకములో కర్ణుని కవచమును అట్టతో చేసి, పైన బంగారు కాగితము అంటించుట వాడుక. కర్ణుడు విల్లు ఎక్కుపెట్టగానే భుజముకడ అట్ట విరుగును. చెమట తగిలినచోట నానును. రెండవ ప్రదర్శనకు మరల చేసికొనవలసినదే. అమెరికా, జపాను వంటి దేశములలో కథావీరుల వేషములు వేయు ఔత్సాహికులు ఈ చిక్కును ఒక ఫోమ్ పలకతో తీర్చుకొనుచున్నారు. అది మనకు కొత్తది కాదు. చెప్పుల అడుగులలోను, వ్యాయామశాలల నేలపై పరచు చాపలలోను ఉండునది అదియే.

ఎథిలీన్, వినైల్ ఎసిటేట్ అను రెండు పదార్థముల అణువులు గొలుసులుగా కలసిన ప్లాస్టిక్కు ఇది. తయారీలో కలిపిన ఒక రసాయనము వేడికి విడిపోయి వాయువు నిచ్చును. ఆ వాయువు ప్లాస్టిక్కులో లెక్కలేనన్ని బుడగలుగా చిక్కుకొనును. ప్రతి బుడగయు నలువైపుల మూసిన గది. అందుచే ఈ పలక స్నానపు స్పాంజివలె నీటిని పీల్చదు. ఘనపు మీటరుకు 100 కిలోల సాంద్రతగల ఫోమ్ అనుకొనినచో, అర చదరపు మీటరు వైశాల్యము, 10 మిల్లీమీటర్ల మందముగల పలక బరువు అర కిలో. అదే కొలత ఇనుప రేకు 39 కిలోలు తూగును. అంత మందపు ఇనుమును ఏ వీరుడును తొడగడనుకొనుడు!

ఇక దీని అసలు గుణము. గొలుసులలోని ఎథిలీన్ భాగములు అక్కడక్కడ వరుసగా చేరి చిన్న స్ఫటికములగును. ఇవి సుమారు 75 నుండి 90 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య కరగును. అయినను గొలుసుల మధ్య అడ్డులంకెలు ఉన్నందున పలక కారిపోదు, మెత్తబడును. అప్పుడు వంచి, చల్లారువరకు పట్టియుంచినచో, స్ఫటికములు కొత్త స్థానములో మరల ఏర్పడి ఆ వంపును నిలుపును.

కొలతలో చాలమంది తప్పుదురు. ఛాతికి టేపు చుట్టి, అంతే పొడవు పలకను కోయుదురు; వీపువద్ద అంచులు కలియవు. కారణము సులభము. మందమైన పలకను చుట్టినపుడు వెలుపలి తలము సాగును, లోపలిది నొక్కుకొనును, నడిమి పొర మాత్రమే తన పొడవును నిలుపుకొనును. కావున టేపు కొలతకు మందము × 3.14 కలుపవలెను. 10 మిల్లీమీటర్ల పలకకు ఇది 31 మిల్లీమీటర్లు. ముంజేతికైనను ఛాతికైనను అంతే! విద్యార్థులు వేర్వేరు డబ్బాలకు పలకను చుట్టి దీనిని పరీక్షింపవచ్చును.

కవచము మన్నునా, పెచ్చులూడునా అనునది రంగును బట్టి యుండును. 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధముగల చేతికి చుట్టిన ఆ పలకలో నడిమి పొర వ్యాసార్ధము 55, వెలుపలిది 60. తొడుగుటకు దానిని చదునుగా విప్పినపుడెల్ల వెలుపలి తలము నడిమి పొర పొడవునకు దిగును; మూసినపుడు దానికంటె 9 శాతము సాగును. ఎండి పెళుసగు రంగు దీనికి ఓర్వదు. అందుకే ముందు వేడిగాలితో పైతలమును తేలికగా కాచి, తెరచియున్న గదుల నోళ్లు మూయుదురు. పిదప రబ్బరు పూత, దానిపై పలుచగా ఎక్రిలిక్ రంగు వేయుదురు.

అంచులు అతుకుటకు చెప్పులు బాగుచేయువారి నియోప్రీన్ జిగురు చాలును. రెండు అంచులకును పూసి, వ్రేలికి అంటనంత ఆరిన పిదప ఒత్తవలెను. ఒకసారి తగిలిన మరల సర్దుటకు వీలుండదు. ఈ జిగురులో టోలీన్ వంటి ద్రావణులుండును గనుక, పని గాలివాటున, నిప్పుకు దూరముగా, ఉపాధ్యాయుని ఎదుట జరుగవలెను. పలకను మాడ్చినచో వెనిగరు వాసన వచ్చును. అది ఎసిటికామ్లపు ఆవిరి, పీల్చరాదు.

పూర్తియైన కవచమును వేసవిలో మూసిన కారులో వదలరాదు. అక్కడి వేడికి స్ఫటికములలో కొన్ని సడలి, భుజముల వంపు చదునగును. అట్లయినచో మరల వేడిగాలి చూపి వంచుకొనవచ్చును. అట్టకు ఆ సౌకర్యము లేదు.