కడలి ఒడ్డున కాఫీ కాయించిన నోటు

కరెన్సీ నోట్లు సేకరించేవారు సాధారణంగా అరుదైన వాటికై అన్వేషిస్తారు. మధ్య అమెరికాలోని కోస్టారికా దేశపు 5 కొలోన్ల నోటు అరుదైనది కాదు. 1968 మొదలు 1992 వరకు గల తేదీలతో అది విరివిగా ముద్రితమైనది. అయినను ఆ ప్రాంతపు నోట్లలో ఒక్కదానినే ఎన్నుకోమంటే మేము దీనినే ఎన్నుకొంటాము. కారణం దాని వెనుకవైపున ఉన్న బహువర్ణ చిత్రం.

ముందువైపున ఉన్న ముఖం రఫాయెల్ ఇగ్లేసియాస్ కాస్ట్రోది. ఆయన 1894 నుండి 1902 వరకు దేశాధ్యక్షుడు. కొలంబస్ పేరు మీద ‘కొలోన్’ అనే నాణెం 1896లో అమలులోకి వచ్చినదీ, రాజధాని సాన్ హొసేలో జాతీయ రంగశాల 1897లో ప్రారంభమైనదీ ఆయన హయాంలోనే. ఆ రంగశాల నిర్మాణానికి తొలుత కాఫీ ఎగుమతిపై పన్ను విధించారు. తరువాత దానిని తొలగించి దిగుమతి సరుకులపై సుంకం వేశారు. అంటే తోటల యజమానులు మోయవలసిన భారం, కొనుక్కుని తినే సామాన్యుల మీదికి కూడ మళ్లినది!

ఆ రంగశాల పైకప్పుకు ఇటలీ చిత్రకారుడు అలేయార్దో విల్లా 1897లో వేసిన కాఫీ, అరటి చిత్రమే నోటు వెనుకకు ఎక్కినది. సముద్రతీరం, ఓడలు, కాఫీ కోస్తున్న స్త్రీలు, బస్తాలు మోసే పురుషులు, నడుమ అరటిగెల పట్టిన ఒక మనిషి. చూడ ముచ్చటైన చిత్రమే. కాని విల్లా ఆ దేశాన్ని చూచి ఎరుగడు. అక్కడి కాఫీ మన అరకు కాఫీవలెనే కొండసీమల చల్లదనంలో పండుతుంది గాని అలల పక్కన కాదు. ఇక గెల బరువు ఎరిగిన మనిషి దానిని ఆ విధంగా పట్టడు. కోతకు వచ్చిన స్త్రీల దుస్తులు కూడ పండుగనాటివే.

దీనిని వింతగా చెప్పుకొని నవ్వేవారు ఉన్నారు. మాకు అంత నవ్వు రాలేదు. గెలలు మోసి, కాఫీ కోసి కూలి తీసుకొన్నవారి చేతికి, వారి పనిని ఎన్నడూ చూడనివాడు గీచిన బొమ్మ పాతికేళ్లపాటు అందుతూ వచ్చినది. అట్లని నోటులో గెలను సవరించి ఉండవలసినదని కూడ మేము అనము; సవరిస్తే అది రంగశాల చిత్రం కాకుండ పోయేది.

చెలామణి నుండి తొలగిన పిమ్మట ఈ నోటు పర్యాటకులకు జ్ఞాపికగా అమ్ముడవుతూ వచ్చినది. కనుక మడతపడని ప్రతులు నేటికీ అందుబాటు ధరకే లభిస్తాయి. మాసినదని కడుగరాదు, ఇస్త్రీ చేయరాదు, లామినేషన్ అసలే కూడదు. ఆల్బంలో పెట్టునపుడు వెనుకవైపు పైకి ఉంచి, భూతద్దంతో ముందుగా ఆ గెల పట్టిన చేతులను చూడండి.