నిరుద్యోగ యువకులు నిర్మించిన నదీతీర వనం

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఫ్రియో నది ఒడ్డున గార్నర్ స్టేట్ పార్కు ఉన్నది. స్పానిష్ భాషలో ‘ఫ్రియో’ అనగా చల్లనిది. వేసవిలో ఎన్నో కుటుంబాలు ఇక్కడ గుడారాలు వేసుకొని, నదిలో ఈదుతూ, కొండదారుల వెంట నడుస్తూ సేదదీరుతాయి.

అయితే మనం ముఖ్యంగా తెలుసుకోవలసినది ఈ వనం పుట్టుక. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం వలన అమెరికాలో లక్షలాదిమంది యువకులు పనిలేక అలమటించారు. వారికోసం అధ్యక్షుడు రూజ్వెల్ట్ 1933లో ‘సివిలియన్ కన్జర్వేషన్ కోర్’ను నెలకొల్పారు. నెలకు 30 డాలర్ల వేతనం. అందులో సుమారు 25 డాలర్లు నేరుగా వారి ఇళ్లకే చేరేవి. ఆ యువకులే స్థానికపు సున్నపురాతితోను, సైప్రస్ కలపతోను ఇక్కడి కుటీరాలను, నృత్యమండపాన్ని కట్టారు. 1941లో వనం ప్రజలకు తెరువబడింది. ఆ సంస్థ 1942లో ముగిసినా, వారి కట్టడాలు నేటికీ నిలిచి ఉన్నాయి.

టెక్సాస్‌లో భూమి అత్యధిక భాగం ప్రైవేటు వ్యక్తులది. సొంత భూమి లేని సామాన్యుడు ఏటి ఒడ్డున ఒక రాత్రి గడపగలుగుతున్నాడంటే అది ఇటువంటి వనాల చలవే. ఒక తరం కష్టకాలంలో చేసిన శ్రమ తరువాతి తరాలకు ఉమ్మడి ఆస్తి అయినది. నిరుద్యోగ యువత దేశానికి భారమని తలచేవారికి ఈ వనమే సమాధానమని మేము విశ్వసిస్తున్నాము.