వాగులోని ఇసుక - రైతుకు నీటి గాదె

"మా పొలము గట్టునే ఉన్న వాగు. అందులోని ఇసుక నాలుగు ట్రాక్టర్లు అమ్ముకొన్న తప్పేమి?" ఇబ్రహీంపట్నం ప్రాంతపు గ్రామములకు పోయినపుడు రైతులు మమ్ములను అడుగు ప్రశ్న యిది. చేతికి రొక్కము వచ్చు మాట నిజమే. కాని ఆ ఇసుకతోబాటు పోవునదేమో రైతు సోదరులు లెక్క చూచుకొనవలెను.

ఈ ప్రాంతమున జీవనది లేదు. నేల అడుగున నల్లరాయి. దానిపై నున్న మెత్తని పొరలోను, రాతి పగుళ్లలోను నిలిచిన నీరే బావులకు, బోర్లకు ఆధారము. వాన నీటిని పట్టి ఆ పొరలకు దింపునవి చెరువులు, కుంటలు, వాగులు. కుతుబ్ షాహీల కాలమునాటి ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కూడ ఇట్టిదే.

ట్రాక్టరు ఇసుక సుమారు 3 ఘనపు మీటర్లనుకొందము. నూరు ట్రాక్టర్లకు 300 ఘనపు మీటర్లు. తడిసిన ఇసుక నుండి నూటికి 20 పాళ్లు నీరు దిగినను అది 60,000 లీటర్లు. వాగు పారిన ప్రతిసారి ఈ గాదె నిండును. ఇసుక అమ్మిన రొక్కము ఒక్కసారే వచ్చును. నీరు ఏటేట వచ్చును. అంతేకాదు, వాగు అడుగు లోతుపడిన కొలది ప్రక్క బావుల నీరు అటు జారును, ఒడ్లు విరిగి పొలము కోతపడును. చెరువుకు నీరు తెచ్చు కాలువ తల ఎత్తున మిగిలిపోవును. అప్పుడు వాన కురిసినను చెరువు నిండదు.

ఇసుక, కంకర, ఇంటిరాయి చిన్న తరహా ఖనిజములని 1957 నాటి గనుల చట్టము చెప్పుచున్నది. వీటిపై నియమములు చేయు అధికారము రాష్ట్రములది. 5 హెక్టార్లకు లోబడిన లీజులకును పర్యావరణ అనుమతి కావలెనని సుప్రీంకోర్టు 2012లో ఆదేశించినది. 2002లో వచ్చిన వాల్టా చట్టము తెలంగాణలోను అమలులో నున్నది. దాని నియమముల ప్రకారము చిన్న వాగుల ఇసుక గ్రామావసరములకే గాని బయటి వ్యాపారమునకు కాదు.

అట్లని ప్రకృతి ఇచ్చినదేదియు ముట్టరాదని కాదు. చెరువులోని పూడిక మట్టి తీయదగినది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో రైతులు దీనిని పొలములకు తోలుకొనిరి. పూడిక తీసిన చెరువులో నీరు ఎక్కువ నిలుచును. చల్క నేలలో కలిపిన మట్టి తడిని పట్టి ఉంచును. ఒకే పనికి రెండు లాభములు.

రైతులు పాటించవలసినవి:

1. పూడిక మట్టిని అనుమతితో, వేసవిలో, పైపొర వరకే సమముగా తీయవలెను. కట్ట మొదట, తూము దగ్గర త్రవ్వరాదు.

2. తోలుటకు ముందు మట్టిని పరీక్ష చేయించవలెను. చౌడు ఉన్నచో వాడరాదు.

3. మట్టిని పొలమంతట పలుచగా పరచి, తొలకరికి ముందే దున్ని కలుపవలెను.

4. ఇంటి పనికి ఇసుక కావలసినచో గ్రామ పంచాయతీని, తహసీల్దారును అడిగి, చూపిన చోటనే తీయవలెను. రాతి నుండి తయారైన ఇసుక దొరికినచో అదియు కాంక్రీటుకు పనికివచ్చును.

5. రాత్రివేళ వాగులో లారీలు దిగినచో ఒక్కరుగా ఎదురుపోక, ఊరివారు కలిసి అధికారులకు తెలుపవలెను.

వాగు ఒక్క రైతుది కాదు. ఎగువవాని గుంత దిగువవాని బావిని ఎండగట్టును. ఇసుకను నిలుపుకొన్న ఊరు నీటిని నిలుపుకొన్నట్లే.